మీటర్ తిప్పితే పాపమా?

పోయిన వారం వీడియోలో తులాధారుడి కథ చెప్పుకున్నాం కదా. పది నిమిషాల్లో పట్టని సంగతి ఒకటి మిగిలిపోయింది, అది ఇక్కడ రాస్తున్నాను. వీడియో చూడనివాళ్ల కోసం ముందు కథ రెండు ముక్కల్లో.

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అని ఒక తపస్వి ఉంటాడు. మోడులా కదలకుండా నిలబడి తపస్సు చేస్తాడు. ఆయన జడల్లో పిట్టల జంట గూడు కట్టుకుంటుంది. గుడ్లు పెడుతుంది, పిల్లలు పెరిగి రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆయన కదలడు. అప్పుడు "ధర్మం అంటే నాకు దొరికేసింది" అనుకుంటాడు. వెంటనే ఆకాశం నుంచి ఒక మాట వినపడుతుంది: కాశీలో తులాధారుడు అనే వ్యాపారి ఉన్నాడు, నువ్వు ఆయనకు సాటి రావు అని. జాజలి ఉక్రోషంగా కాశీకి వెళ్లి చూస్తే, ఆ మహానుభావుడు కొట్టులో కూర్చుని సరుకులు అమ్ముకుంటున్నాడు. తన ధర్మం గురించి ఆయన చెప్పిన మాటల్లో ఒకటి ఇది: నా తక్కెడ అందరికీ ఒకేలా నిలబడుతుంది.

ఇది నాకు చాలా ఇష్టమైన ఘట్టం. ధర్మం నేర్పించడానికి వ్యాసుడు ఇక్కడ ఎంచుకున్నది ఆశ్రమం కాదు, కాటా ఉన్న కొట్టు. కొలిచే వస్తువు చేతిలో ఉన్నవాడికి రోజుకు వందసార్లు పరీక్ష.

మన రోజుల్లో ఆ తక్కెడ ఎక్కడుంది? ఆటో మీటర్‌లో, పెట్రోల్ బంకులో, కరెంటు మీటర్‌లో. నేను మాత్రం పాత కారు స్పీడోమీటర్ తీసుకుంటాను. చిప్పులు, సెన్సార్లు లేని పాత కేబుల్ మీటర్. ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఒకటి విప్పి చూశాను. సత్యం గురించి ఎన్నో ప్రవచనాలు విన్నాను గానీ, ఆ ప్రశ్న అంత స్పష్టంగా అరచేతిలో పట్టేలా నాకు ఇంకెక్కడా కనపడలేదు.

ముందు అది పనిచేసే తీరు. చక్రాలతో పాటు గేర్‌బాక్స్‌లో ఒక చిన్న పళ్లచక్రం తిరుగుతుంది. దానికి తగిలించిన కేబుల్ డ్యాష్‌బోర్డ్ దాకా వస్తుంది. లోపలి తీగ తిరుగుతూ ఉంటుంది, పైన తొడుగు కదలదు. మీటర్ వెనక ఆ తీగ చివర ఒక అయస్కాంతం. దాని చుట్టూ అల్యూమినియం గిన్నె. రెండూ ఒకదాన్నొకటి తాకవు. అయస్కాంతం తిరిగితే గిన్నెలో విద్యుత్ సుడులు పుట్టి, గిన్నెను కూడా తనతో లాక్కుపోవాలని చూస్తాయి. కానీ గిన్నెను వాచీలో ఉండేలాంటి సన్నటి స్ప్రింగ్ పట్టుకుని ఉంటుంది. ఒకటి లాగుతుంది, ఒకటి ఆపుతుంది. ఆ రెండూ సమానమైన చోట ముల్లు నిలబడుతుంది. 1902లో జర్మనీలో ఓటో షుల్జ్ అనే ఇంజనీరు ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత ఎనభై, తొంభై ఏళ్లు ప్రపంచంలో చాలా కార్లు, మన అంబాసిడర్, పద్మిని, పాత మారుతి 800తో సహా, దీని మీదే నడిచాయి. ఆలోచిస్తే అదీ ఒక తక్కెడే. ఒక పళ్లెంలో వేగం, ఇంకో పళ్లెంలో స్ప్రింగ్.

అదే కేబుల్ ఇంకో పని కూడా చేస్తుంది. సన్న గేర్ల ద్వారా అంకెల చక్రాలను తిప్పుతుంది. మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించే ఓడోమీటర్ అదే. ఇక్కడ స్ప్రింగ్ లేదు, అయస్కాంతం లేదు, పళ్లకు పళ్లే. కారు ఆగగానే ముల్లు సున్నాకు వచ్చేస్తుంది, ఇందాక ఎంత స్పీడుగా పోయావో దానికి గుర్తుండదు. అంకెల చక్రాలు అలా కాదు, ప్రతి మీటరూ రాసుకుంటాయి. మా అమ్మకు ఇది చెబితే "ముల్లేమో మనసు, అంకెలేమో సంచిత కర్మ" అంది. వేదాంతంలో నా కంటే ఆవిడే ఫాస్ట్.

ఇప్పుడు అసలు విషయం. మీటర్‌ను మార్చడం తప్పా? ఎవరినైనా అడగండి, తప్పే అంటారు. మీటర్ తిప్పడం అనగానే సెకండ్ హ్యాండ్ బండ్ల మోసాలే గుర్తొస్తాయి. ఉన్నదున్నట్టు వదిలేస్తే నిజం, చెయ్యి పెడితే అబద్ధం. అంత సింపులా?

ఒక లెక్క చూడండి. మారుతి 800కి మామూలుగా వచ్చే టైరు 145/70 ఆర్12. లెక్కేస్తే దాని వ్యాసం దాదాపు 508 మిల్లీమీటర్లు. బండి కొంచెం గంభీరంగా కనపడాలని చాలామంది కుర్రాళ్లు 13 అంగుళాల రిమ్ములు, 155/65 టైర్లు వేయిస్తారు. వ్యాసం దాదాపు 532 అవుతుంది. అంటే 4.7 శాతం పెద్ద చక్రం. ఒక్క చుట్టుకు బండి ఇదివరకటి కంటే ఎక్కువ దూరం పోతుంది, కానీ మీటర్‌కు తెలిసింది చుట్ల లెక్క మాత్రమే. ముల్లు 80 మీద ఉన్నప్పుడు బండి నిజంగా 84 దగ్గర పోతుంటుంది. మీటర్‌లో లక్ష పూర్తయ్యేసరికి బండి లక్షా నాలుగు వేల ఏడు వందలు తిరిగి ఉంటుంది. ఎవరూ మీటర్‌ను ముట్టలేదు. దాని సీలు కూడా విప్పలేదు. అయినా అది చూపించే ప్రతి అంకె తేడాయే.

ఇలాంటప్పుడు మీటర్‌ను మార్చడమే సరైన పని. మీటర్లు బాగుచేసేవాళ్లు స్ప్రింగ్ బిగువు సవరిస్తారు, లేదా అయస్కాంతం బలం కొద్దిగా మారుస్తారు. ముల్లు దారికొస్తుంది. కానీ అంకెలకు అది పనిచెయ్యదు, అక్కడ పళ్ల లెక్కే మారాలి. గేర్‌బాక్స్ దగ్గర పళ్లచక్రం మార్చాలి, లేదా కేబుల్ మధ్యలో నిష్పత్తి మార్చే చిన్న గేరు పెట్టె వెయ్యాలి. అలా చేస్తే ముల్లూ, అంకెలూ రెండూ సరిపోతాయి. ముల్లు ఒక్కటే సరిచేసి ఊరుకుంటే బండి ఈ క్షణం గురించి నిజం చెబుతూ, గతం గురించి అబద్ధం చెబుతూ ఉంటుంది. ఇలాంటి మనుషులు కూడా మనకు తెలుసు, ఆ సంగతి వదిలేయండి.

కాబట్టి సత్యం వస్తువులో ఉండదు. కంపెనీ వేసిన సీలులో అసలే ఉండదు. చక్రానికీ, అంకెకూ, ఆ అంకె చదివే మనిషికీ మధ్య ఉన్న సంబంధంలో ఉంటుంది. ఆ సంబంధం తెగిపోతే ముట్టకుండా వదిలేసిన మీటర్ కూడా అబద్ధమే. దాన్ని నిలబెట్టడానికి చేసినదైతే, స్ప్రింగ్ వంచినా అది సత్యానికి సేవే.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. నాలాంటి ఇంజనీర్లకు అంకె కచ్చితంగా ఉండాలన్న పిచ్చి. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని "మీటర్ 97 అంటోంది, నిజానికి 92 మాత్రమే, ఈ కంపెనీ వాళ్లు మోసం చేశారు" అని గొడవ చేసేవాళ్లను మీరూ చూసే ఉంటారు. అది మోసం కాదు. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం, కారు మీటర్ అసలు వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపించకూడదు. ఎక్కువ చూపించవచ్చు. ఎంతవరకంటే, అసలు వేగంలో పదో వంతు, దాని మీద ఇంకో 4 కిలోమీటర్లు. అంటే పొరపాటు జరిగితే అది ఒక వైపే జరగాలి, డ్రైవరు ప్రాణం కాపాడే వైపు.

మరి ఇది అసత్యమా? గీతలో 17వ అధ్యాయంలో మాటకు సంబంధించిన తపస్సు ఏమిటో కృష్ణుడు చెప్తాడు. ఎదుటివాడిని కలవరపెట్టకూడదు, సత్యం కావాలి, ప్రియం కావాలి, హితం కూడా కావాలి. చాలామంది ఇందులో ప్రియం దగ్గర ఆగిపోతారు. నాకు హితం ముఖ్యం అనిపిస్తుంది. అయితే "హితం కోసమే" అంటూ ఎన్ని అబద్ధాలు సమర్థించుకుంటామో కూడా తెలుసు కాబట్టి జాగ్రత్తగా చెప్తున్నాను. మీటర్ కొంచెం ఎక్కువ చూపించడం ఎందుకు సరే అంటే, ఆ నియమం ఎక్కడా దాచలేదు, అందరికీ ఒకేలా వర్తిస్తుంది. తులాధారుడి తక్కెడకు ఉన్న లక్షణమే అది.

ఆ అదనపు ఖాళీ ఎందుకో కూడా చూడండి. మనం ఇక్కడ కొలుస్తున్నది దేనితో? రబ్బరుతో. కొత్త టైరు మీద గాడి లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. అరిగిపోయేసరికి రెండుకు దిగుతుంది. ఆ చిన్న బండి చక్రానికి అది రెండు శాతం పైనే తేడా. గాలి తగ్గినా తేడా వస్తుంది. అరిగిన టైర్ల మీద మీటర్‌ను జీపీఎస్‌తో కచ్చితంగా సరిచేశారనుకోండి. రేపు కొత్త టైర్లు వేసిన రోజు నుంచి అది తక్కువ చూపించడం మొదలుపెడుతుంది. కచ్చితత్వం కోసం తాపత్రయపడి, ప్రమాదం ఉన్న వైపుకు నెట్టినట్టే కదా. కౌటిల్యుడికి ఈ బాధ తెలుసు. అర్థశాస్త్రం రెండో అధికరణంలో తూకాలు, కొలతల మీద ఒక అధ్యాయమే ఉంది. తూనిక రాళ్లు ఇనుముతో గానీ, మగధ, మేకల ప్రాంతాల రాయితో గానీ చెయ్యాలంటాడు. లేదా నీళ్లు తగిలినా, ఏదైనా పూసినా బరువు పెరగనిదీ, వేడికి తగ్గనిదీ అయిన పదార్థంతో చెయ్యాలట. అంతటితో ఆగలేదు. నాలుగు నెలలకోసారి వాటిని పరీక్షించి ముద్ర వెయ్యాలి అన్నాడు. మనువేమో 8వ అధ్యాయంలో ఆరు నెలలకోసారి రాజు మళ్లీ తనిఖీ చేయించాలి అంటాడు. మంచివాడి చేతిలో ఉన్న తక్కెడ కూడా దానంతట అదే తప్పుతుందని వాళ్లకు తెలుసు. ఇవాళ్టికీ తూనికలు కొలతల శాఖ ఆటో మీటర్లకు సీలు వేసేది ఇందుకే.

సరే, ఇంతవరకూ సులువు భాగం. ఇప్పుడు నా ఫ్రెండ్ సంగతి.

వాళ్ల నాన్నగారిది తొంభైల నాటి మారుతి 800. అమ్మేద్దామనుకున్నారు. మీటర్ పాడైంది, రిపేరు కాదన్నారు. స్క్రాప్‌లో ఇంకో మీటర్ దొరికింది. మూసాపేట వైపు ఒక షెడ్డులో బిగించడానికి ఇచ్చాడు, నేనూ పక్కనే ఉన్నాను. పాత మీటర్ 36,412 దగ్గర ఆగిపోయి ఉంది. కానీ అది ఐదు అంకెల మీటర్. 99,999 తర్వాత మళ్లీ సున్నాలు వస్తాయి. బండి నిజంగా తిరిగింది 1,36,412. ఇంట్లో అందరికీ తెలుసు, లక్ష దాటిన రోజు అంకుల్ స్వీట్లు కూడా పంచారట. స్క్రాప్ మీటర్ మీద ఉన్నది 81,230.

మెకానిక్ అడిగాడు, "అన్నా, ఎంత పెట్టమంటే అంత పెడ్తా. ఇట్లనే ఉంచాల్నా, పాతది పెట్టాల్నా, ఇంకా తక్కువ పెట్టాల్నా?"

ఎంత మామూలుగా అడిగాడంటే, టీలో చక్కెర ఎంత అన్నట్టు. తప్పు పట్టడానికి లేదు. మీటర్ మార్చినప్పుడు ఏదో ఒక అంకె పెట్టక తప్పదు కదా.

మా వాడు మొదట "ఉన్నది ఉన్నట్టు వదిలెయ్ అన్నా" అన్నాడు. మనం ఏమీ తిప్పలేదు, పైగా 36 వేల కంటే 81 వేలు ఎక్కువే కదా, మనకే నష్టం, ఇంకెక్కడి పాపం అని వాడి లాజిక్. కానీ ఆ 81,230 ఎవరిదో వేరే బండి బతుకు. ఈ బండికీ దానికీ సంబంధమే లేదు. పోనీ పాతది పెడదామంటే, 36,412 అనేది ఈ బండి సొంత మీటర్ చూపించిన నిజమైన అంకె. అక్షరం పొల్లుపోదు. కానీ కొనేవాడు చూసి ఏమనుకుంటాడు? ముప్పై ఆరు వేలే తిరిగింది, కొత్త పెళ్లికూతురు లాంటి బండి అనుకుంటాడు.

ఇక్కడే నాకు ధర్మరాజు గుర్తొచ్చాడు. ద్రోణుడితో ఆయన అన్నదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అశ్వత్థామ చనిపోయిన మాట నిజం, అది ఏనుగన్న మాటా నిజం. మొదటిది గట్టిగా పలికి, రెండోది వినపడీ వినపడనట్టు అన్నాడు. కృష్ణుడు శంఖం ఊదాడని మన ఇళ్లలో చెప్పుకుంటాం. ఎలాగైనా, ద్రోణుడి చెవికి చేరింది మాత్రం అబద్ధమే. అంతవరకూ భూమికి నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలకు దిగింది. (నాలుగు వేళ్ల ఎత్తున నడిచే రథానికి కేబుల్ మీటర్ పెడితే ఏం చూపిస్తుందో నేను చాలాసేపు ఆలోచించాను. గాల్లో చక్రం తిరుగుతుందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.) తర్వాత స్వర్గారోహణ పర్వంలో ఆయన కొంచెంసేపు నరకం చూడాల్సి వస్తుంది. ఎందుకంటే ద్రోణుడిని కపటంతో నమ్మించావు కాబట్టి, నీకూ కపటంగానే నరకం చూపించామని ఇంద్రుడు చెప్తాడు. నోటి నుంచి ఏం బయటికొచ్చిందన్నది కాదు అక్కడ లెక్క, ఎదుటివాడిలో ఏం నమ్మకం పుట్టించావన్నదే.

"మీటర్‌లో ఉన్నదే చెప్పాను సార్" అనే మాట కూడా ఆ కోవకే వస్తుంది.

అంటే ఆ షెడ్డులో ఏ అంకె పెట్టినా అది తేడాగానే ఉంటుంది. ఆరు అంకెలు పట్టని మీటర్‌లో 1,36,412 పెట్టడం కుదరదు. మరి నిజం ఎలా చెప్పాలి? అమెరికా చట్టంలో దీనికి సమాధానం ఉంది, నాకు అది భలే నచ్చింది. ఓడోమీటర్ మోసాలు పెరిగిపోయాయని 1972లో అక్కడ ఒక చట్టం చేశారు. మోసం చేసే ఉద్దేశంతో మీటర్ తిప్పడం నేరం. కానీ రిపేరులో పాత అంకెను నిలబెట్టడం కుదరకపోతే మీటర్‌ను సున్నా చెయ్యాలి. బండి ఎడమ వైపు, అంటే వాళ్లకు డ్రైవరు వైపు, తలుపు ఫ్రేమ్ మీద ఒక చీటీ అంటించాలి. రిపేరుకు ముందు ఎన్ని మైళ్లు ఉన్నాయో, ఏ తేదీన మార్చారో దాని మీద రాయాలి. ఆ చీటీ పీకడం కూడా నేరమే. అంకె నిజం చెప్పలేనప్పుడు, అది చెప్పలేదని పక్కనే రాసిపెట్టాలి అన్నమాట.

ఇది మన లెక్కల పుస్తకాల పద్ధతే. పాత షావుకార్ల చిట్టాలో తప్పు రాస్తే రబ్బరుతో చెరిపెయ్యరు. ఆ పద్దు అలాగే ఉంచి, సరిచేసిన పద్దు కింద వేస్తారు. మా ఆఫీసులో సిస్టమ్ లాగ్స్‌కు కూడా అదే రూలు. వెనక్కి వెళ్లి దిద్దకూడదు, కొత్త లైను రాయాలి.

"ఇంత చిన్నదానికి ఇంత ఆలోచన అవసరమా? ముప్పై ఏళ్ల డొక్కు బండి" అని మా వాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఆ అంకెను చదివి ఎవరు ఏం నిర్ణయం తీసుకుంటారో చూస్తే జవాబు దొరుకుతుంది. మారుతి 800 ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉంటుంది. అది అరిగినట్టు పైకి కనపడదు, చప్పుడు చెయ్యదు. ఎప్పుడు మార్చాలో చెప్పేది కిలోమీటర్ల లెక్కే. ముప్పై ఆరు వేలని నమ్మినవాడు దాన్ని మార్పించడు. అది తెగితే ఇంజన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. తెగేది సాధారణంగా పార్కింగ్‌లో కాదు, పరుగులో. ఇలాంటి బండి కొనేది ఎవరు? డబ్బున్నవాళ్లు కాదు. మొదటిసారి కారు కొనుక్కుని, భార్యాపిల్లలతో పండక్కి ఊరెళ్దామనుకునే మనిషి. ఆ అంకెను నమ్మి రాత్రి పూట విజయవాడ హైవే ఎక్కేది అతనే.

రెండో వాదన ఇంకా గట్టిది: "అందరూ తిప్పుతున్నారురా. నేనొక్కడినే నిజం చెబితే నా బండికే రేటు పడిపోతుంది." ఇది అబద్ధం కాదు. 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త సరిగ్గా సెకండ్ హ్యాండ్ కార్ల మీదే ఒక వ్యాసం రాశాడు. తర్వాత 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన చెప్పింది సుమారుగా ఇదీ: ఏది మంచి బండో కొనేవాడికి తెలియనప్పుడు, అన్నిటికీ మధ్యరకం ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, తప్పుకుంటాడు. మిగిలేవి చెత్తవి. ధర ఇంకా పడుతుంది. అంటే నిజాయితీకి సంతలో శిక్ష పడుతుందన్నది నిజం. ధర్మం పాటిస్తే ఎప్పుడూ లాభమే వస్తుందని మన వీడియోల కింద కొందరు రాస్తుంటారు, నేను అలా చెప్పలేను. తులాధారుడు కూడా జాజలితో "నా తక్కెడ సరిగ్గా ఉంది కాబట్టి గిరాకీ పెరిగింది" అనలేదు.

మా వాడు చివరికి 36,412 పెట్టించాడు. పెయింట్ పెన్నుతో తలుపు లోపలి ఫ్రేమ్ మీద రాశాడు: మీటర్ మార్చిన తేదీ, "ఇది రెండో చుట్టు, అసలు 1,36,412" అని. అదే ఒక కాగితం మీద రాసి ఆర్సీ కవర్లో పెట్టాడు. మొదట చూడ్డానికొచ్చినతను తలుపు తీసి అది చదివి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. రెండో అతను పన్నెండు వేలు తగ్గించి అడిగాడు. అంకుల్‌కు కోపం వచ్చింది. "నువ్వు రాసిన లైనుకు పన్నెండు వేలు" అని రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. బండి ఆ ధరకే పోయింది. ఆ కొన్నతను పేపర్లు తీసుకుంటూ అడిగిన మొదటి ప్రశ్న మాత్రం, "టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు సార్?"

ఇందులో కొనేవాళ్ల వాటా గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. పదిహేనేళ్ల బండి దగ్గరికి వెళ్లి "సింగిల్ ఓనర్, ముప్పై వేల లోపు తిరిగింది ఉందా?" అని అడిగేది మనమే. ఏడాదికి పది వేలు తిరిగినా లక్షన్నర అవ్వాలి. ఆ లెక్క రెండో తరగతి పిల్లాడికీ వస్తుంది. అయినా ముప్పై వేలు అన్న అంకె చూడగానే మన మొహం వెలిగిపోతుంది. అప్పుడు మనం చదివేది మీటర్ కాదు, మన కోరిక. తిప్పేవాడికి అది బాగా తెలుసు కాబట్టే ఆ అంకెనే పెడతాడు. మన ఆశకు తగ్గట్టు వాడు తక్కెడ సవరిస్తున్నాడు, అంతే తేడా.

మూసాపేట మెకానిక్‌ను వచ్చేటప్పుడు అడిగాను, "నువ్వు సెకండ్ హ్యాండ్ బండి కొంటే మీటర్ ఎట్లా నమ్ముతావ్ అన్నా?" అని. నవ్వాడు. "మీటర్ ఎవడు చూస్తడన్నా? క్లచ్ పెడల్ రబ్బర్ చూస్త. గీతలు అరిగినయా లేదా. స్టీరింగ్ మీద చెయ్యి పట్టేకాడ నున్నగైందా. డ్రైవర్ సీటు అంచు కుంగిందా. సర్వీసు బుక్కులో తారీఖులు చూస్త. మీటర్ చూసేది లాస్ట్‌ల, వాడు ఎంత పెట్టిండో తెల్సుకోనీకి."